టేబుల్ ఎత్తు సరిచేశాకే గ్లోవ్స్ వేసుకో

అమ్మలూ,

ఒడిశాలో రాయగడ ఆస్పత్రిలో డాక్టరుగా చేరిన కొద్ది రోజులకే మెడ పట్టేస్తోందని, సిజేరియన్లు ఎక్కువున్న రోజు రాత్రి కుడి పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నానని రాశావు. అలసట అని కొట్టిపారేయకు, ఇప్పుడు పట్టించుకుంటే సర్దుకుంటుంది, పదేళ్ళ తర్వాత కాదు.

ముందు టేబుల్ సంగతి చూడు. ఓపెన్ ఆపరేషన్‌కి కోత పెట్టే చోటు నీ మోచేతి ఎత్తులోనో, కాస్త కిందో ఉండాలి. లాప్రోస్కోపీకి, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్‌కి, ఇంకా దించాలి, ఎందుకంటే పరికరాలు పొడుగు, పైగా గ్యాస్ ఎక్కించాక పొట్ట లేస్తుంది. చేతిలోని హ్యాండిల్ మోచేతి ఎత్తుకి వస్తేనే భుజాలు వదులుగా ఉంటాయి. మీది కాలితో తొక్కే హైడ్రాలిక్ టేబుల్ అన్నావు కదా, సీల్ పోయినదైతే ఆపరేషన్ మధ్యలో మెల్లగా దిగిపోతుంది, నీకు తెలియకుండానే నువ్వూ దాంతోపాటు వంగిపోతావు. పొద్దున్న మొదటి కేసుకి ముందు పైకి లేపి, పావుగంట వదిలేసి, ఎంత దిగిందో టేపుతో కొలువు. దిగితే సూపరింటెండెంట్‌కి కాగితం మీద రాసివ్వు, నోటిమాటతో పని కాదు.

ఇదంతా గ్లోవ్స్ వేసుకోకముందే అయిపోవాలి. డ్రేపింగ్ అయ్యాక, అంటే పేషెంట్‌కి స్టెరైల్ గుడ్డలు కప్పేశాక, అడగాలంటే ఎవరికైనా మొహమాటమే, అక్కడి అటెండర్‌కి తెలుగు రాకపోతే మరీను. ఒడియాలో 'టేబుల్ టికే తళకు కరంతు', అంటే టేబుల్ కొంచెం కిందకి దించండి, అనడం నేర్చుకో. కొత్త డాక్టరమ్మకి నఖరాలెక్కువ అనుకుంటారేమోనని అస్సలు ఆగకు. మీలో పొడుగ్గా ఉన్నవాళ్ళకి టేబుల్ సరిపెట్టి, రెండోవాళ్ళు స్టెప్ మీద నిలబడాలి. అది నువ్వే అయితే రెండు పాదాలతోపాటు డయాథెర్మీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) పెడల్ కూడా పట్టేంత వెడల్పుది చేయించుకో, లేదంటే పెడల్ కింద, నువ్వు పైన, బరువంతా ఒక్క కాలి మీదే పడుతుంది.

మానిటర్ ట్రాలీని ప్లగ్ పాయింట్ ఎక్కడుంటే అక్కడే వదిలేస్తారు, ఈ అలవాటు నాకు ఎప్పుడూ నచ్చలేదు. అది నీ ఎదురుగా, నీ చూపుకి కొంచెం కిందకి ఉండాలి. గాల్‌బ్లాడర్ కేసులో నువ్వు పేషెంట్ ఎడమవైపు నిలబడతావు కాబట్టి కుడి భుజం దగ్గరికి, అపెండిక్స్ అయితే కుడి కాలి వైపుకి జరిపించు. పొడవాటి కేబుల్ అడుగు.

తల బరువు 5 కిలోల దాకా ఉంటుంది. 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలవుతుందని 2014లో ఒక స్పైన్ సర్జన్ లెక్కగట్టాడు. అందుకే 20 నుంచి 40 నిమిషాలకోసారి, రక్తం కారని ఘట్టం చూసుకుని, పరికరాలు సిస్టర్‌కిచ్చి, చేతులు స్టెరైల్‌గానే ఉంచుకుని ఒక్క నిమిషం మెడ, భుజాలు, నడుము వదులు చెయ్యి. ఇలా ఆగితే ఆపరేషన్ ఆలస్యమవుతుందని సీనియర్లు అంటారు, పరిశీలించి చూసినవాళ్ళకి మాత్రం సమయం పెరిగినట్టు కనబడలేదు.

ట్యూబెక్టమీలకి, అంటే ఆడవాళ్ళ కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి, పిలిస్తే లెక్క గుర్తుంచుకో. మూడు లాప్రోస్కోపులున్నా ఒక టీమ్ రోజుకి 30 దాటకూడదన్నది ప్రభుత్వ నియమం, ఈ ఆపరేషన్ల క్యాంపులే మానేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అది పేషెంట్ల ప్రాణం కోసం పెట్టిన హద్దు, నీ చేతులకీ అదే రక్ష, ఎవరు ఒత్తిడి చేసినా ఒప్పుకోకు.

ఇంకొకటి, హ్యాండిల్ రింగులో బొటనవేలు లోపలిదాకా దూర్చకు, నరం నొక్కుకుని తిమ్మిరెక్కుతుంది. రాత్రి ఆ తిమ్మిరికి మెలకువ వస్తోందంటే మాత్రం నొప్పి మాత్ర వేసుకుని థియేటర్‌కి పోకు తల్లీ, సెలవు పెట్టి బరంపురంలోనో విశాఖలోనో నరాల పరీక్ష చేయించుకో. విశాఖ అయితే ముందురోజు ఫోన్ చెయ్యి, స్టేషన్‌కి నేనొస్తాను.

మీ పెద్దమ్మ