కె-4లో రెండో సీటు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కయాక్ పడవ పందేల ట్రయల్స్‌లో ఒంటరి బోటు కె-1 సీటు నీకు రాలేదట, నలుగురు కలిసి నడిపే కె-4లో రెండో సీటుకి వేశారట, ఆరోజు నుంచి నువ్వు సరిగ్గా తినడం లేదట. నీకు ఫోన్ చేస్తే ‘బానే ఉన్నా మావయ్యా’ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

హంగరీలో కాటలిన్ కోవాచ్ అని ఒకావిడ ఉంది. 1976లో ఫిబ్రవరి 29న పుట్టింది, అంటే పుట్టినరోజు కూడా నాలుగేళ్లకోసారే. ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో ఆవిడవి 31 స్వర్ణాలు. ఒలింపిక్స్‌లో ఎనిమిది పతకాలు: మూడు స్వర్ణాలు, ఐదు రజతాలు. ఆ ఎనిమిదిలో ఒక్కటి కూడా కె-1లో రాలేదు. అన్నీ పక్కమనిషితోనో, ముగ్గురితోనో కలిసి సాధించినవే.

ఒంటరి బోటు చేతకాక కాదు. 2002లోనూ 2003లోనూ కె-1 500 మీటర్లలో ప్రపంచ ఛాంపియన్ ఆవిడే. కానీ అప్పట్లో ఒలింపిక్స్‌కి ఒక్కో రేసుకి దేశానికి ఒక్క బోటే కదా. హంగరీలో ఆడపిల్లల కయాకింగ్ ఎంత గట్టిదంటే, ఇంట్లో గెలవడమే సగం ఒలింపిక్స్. 2004 ఏథెన్స్‌లో కె-1 సీటు నటాషా యానిచ్‌ది. సెర్బియాలో పుట్టి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా తరఫున పోటీ చేసి, తర్వాత హంగరీకి వచ్చిన అమ్మాయి. కె-1లో స్వర్ణం కొట్టేసింది. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషికి అది చూస్తుంటే ఎలా ఉండి ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. అదే ఒలింపిక్స్‌లో ఇద్దరి బోటు కె-2 500 మీటర్లలో కోవాచ్ ఆ నటాషాతోనే ఒకే బోటులో కూర్చుంది. జర్మనీ బోటులో కయాకింగ్ దిగ్గజం బిర్గిట్ ఫిషర్ ఉన్నా వీళ్లే గెలిచారు. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో మళ్లీ ఇద్దరిదీ అదే స్వర్ణం.

అయితే నీకు చెప్పాలనుకున్నది కె-4 సంగతి. సిడ్నీలో జర్మనీ వెనక రజతం. ఏథెన్స్‌లో జర్మనీ వెనకే, అర సెకను కూడా తేడా లేదు. బీజింగ్‌లోనూ జర్మనీయే ముందు. ఎనిమిదేళ్లు, మూడు ఫైనల్స్, ముందు అదే దేశం బోటు. నేనైతే బీజింగ్ తర్వాత ప్యాడిల్ అటక మీద పెట్టేసేవాణ్ని. ఆవిడ 2012లో, 36 ఏళ్ల వయసులో, గాబ్రియెల్లా సాబో, దనుతా కోజాక్, క్రిస్టీనా ఫజెకష్‌లతో కలిసి లండన్‌కి వెళ్లింది. అక్కడా కె-1 సీటు ఆవిడది కాదు, తనకన్నా పదకొండేళ్లు చిన్నదైన కోజాక్‌ది. కె-4 ఫైనల్లో ఈసారి జర్మనీయే రెండోది. నటాషాతో కె-2లో మాత్రం జర్మనీ వాళ్లు మళ్లీ దాటేశారు, రజతం.

ఇప్పుడు నా సంగతి. నన్ను కె-1 నుంచి తీసి కె-2లో వెనక సీటుకి వేసినప్పుడు నేను పది రోజులు ముందు సీటువాడితో మాట్లాడలేదు. వాడు కొట్టే స్ట్రోక్ కన్నా బలంగా లాగి చూపిద్దామనుకున్నా. బోటు ఊగిపోయింది. పోటీలో ఐదో స్థానం. తప్పు వాడిదేనని ఏడాదిపాటు అందరికీ చెప్పుకు తిరిగా. ఇది మీ అత్తకి కూడా తెలీదు.

నువ్వు రేపే ముందు సీటు అమ్మాయి దగ్గరికి వెళ్లు. సారీ అవసరం లేదు, టీ తాగుతూ ఒక్కటి అడుగు: స్టార్ట్‌లో ఎన్ని స్ట్రోక్‌లు వేగంగా కొట్టి, ఎక్కడ లయలో పడతావు అని. ఆ లయ రెండో సీటులో ఉన్న నువ్వు సరిగ్గా పట్టుకుంటేనే వెనక ఇద్దరికీ అందుతుంది. నువ్వు తప్పితే వాళ్లూ తప్పుతారు. కోచ్ నిన్ను అక్కడ ఎందుకు వేశాడో ఆలోచించావా?

నీళ్లలోకి దిగాక ఆమె ప్యాడిల్ చూడకు, భుజాలు చూడు. నీ బ్లేడు ఆమె బ్లేడుతో కలిసి నీళ్లలో దిగాలి. బలం ఆ తర్వాతి మాట. ముందు కాళ్లతో తన్ను, నడుము తిప్పు, చేతులు చివర. చివరి వంద మీటర్లలో నీకొక్కదానికి ఊపు మిగిలినా తొందరపడి స్ట్రోక్ ముందు వేయకు. వేగం పెంచేది ముందు సీటు పని.

ఇంకోటి, చిన్నదే గానీ నాకు చాలా ఖరీదైంది. కె-4 నీ ఒక్కదాని బోటు కాదు, కాళ్లు ఆన్చే ఫుట్‌రెస్ట్ ఎవరైనా జరుపుతారు. నీ కొలత దగ్గర రంగు టేపు అంటించుకుని, రేసుకి ముందురోజు సాయంత్రమే ఒకసారి కూర్చుని చూసుకో. పొద్దున్న హడావిడిలో బిగించుకుంటే మోకాళ్లు సగం దూరంలోనే చెబుతాయి.

కె-1 మాత్రం మానకు. వారంలో రెండు పొద్దులు ఒంటరిగా వెళ్లు, ఏటా ట్రయల్స్‌కి పేరు ఇవ్వు. కోవాచ్ 2009లో మళ్లీ కె-1 500లో ప్రపంచ ఛాంపియన్ అయింది మరి.

ఆదివారం కె-4 ప్రాక్టీసు వీడియో పంపు, పక్క నుంచి తీసింది. ముందు నుంచి తీస్తే నాకేమీ కనబడదు. మీ అమ్మకి ఫోన్ చేసి ఇవాళ ఏం తిన్నావో చెప్పు, లేకపోతే మళ్లీ నాకే చేస్తుంది.

నీ పెద్దమావయ్య