డాక్టర్ సలహా: కొత్త షూ కరిచి పాప మడమల మీద బొబ్బలు.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా పాపకు 5 ఏళ్లు, యూకేజీ చదువుతోంది. స్కూలు తెరిచిన వారానికే షూ కరిచి రెండు మడమల వెనకా బొబ్బలొచ్చాయి. ఏడాదంతా వస్తాయని ఒక సైజు పెద్దవే కొన్నాం, బిగుతుగా అయితే లేవు. ఒక బొబ్బను మా అత్తమ్మ సూదితో చిదిపి పసుపు పెట్టారు. ఇప్పుడు పొద్దున్నే షూ చూస్తేనే పాప ఏడుస్తోంది. మళ్లీ రాకుండా ఏం చేయాలి?
- ఓ తల్లి, హైదరాబాద్

జవాబు: ముందు ఆ ఏడుపు సంగతి. దాన్ని మారాం అనుకోకండి. బొబ్బ ఉన్నచోట షూ అంచు తగిలితే పెద్దవాళ్లమే నాలుగడుగులు వేయలేం. పుండు మానేదాకా మడమకు తగలని మెత్తటి చెప్పులతో పంపుతామని టీచర్‌కు డైరీలో రాయండి. కాదనరు.

ఇక అసలు కారణం. షూ బిగుతైతేనే కరుస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వదులుగా ఉన్నా కరుస్తుంది, అదీ సరిగ్గా మడమ వెనకే. అడుగు వేసిన ప్రతిసారీ మడమ పైకి లేచి దిగుతుంటే గట్టి అంచు ఒకేచోట రాసుకుంటుంది. ఆ రాపిడికి చర్మం పైపొర కింది పొర నుంచి విడిపోయి, మధ్యలో నీరు చేరుతుంది. షూ ముందు భాగంలో దూది కుక్కినా లాభం లేదు, పాపం వేళ్లకు చోటు తగ్గుతుంది. జూన్‌లో ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఒకేసారి మీద పడతాయని నాకూ తెలుసు. కావాలంటే తక్కువ ధర జత కొనండి గానీ, పెద్ద సైజు మాత్రం కొనకండి. ఇప్పుడున్న షూ పారేయక్కర్లేదు, దాచి ఉంచండి. ఈ వయసులో పాదం త్వరగా పెరుగుతుంది, కొన్ని నెలల్లో అవే సరిపోవచ్చు. మూడు నాలుగు నెలలకోసారి పాదం కొలిచి చూడండి.

కొలవడం ఇలా. సాయంత్రం పూట కొలవాలి, పొద్దంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. స్కూలు సాక్సులు వేసి పాపను కాగితం మీద నిలబెట్టండి. కూర్చోబెట్టి గీస్తే కొలత తగ్గుతుంది. రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయండి, రెండూ ఒకేలా ఉండాలని లేదు, పెద్దదే లెక్క. షాపులో షూ ముందు భాగం నొక్కి చూసి కొనేస్తుంటాం. అలా నొక్కగానే పిల్లలు వేళ్లు ముడుచుకుంటారు, చోటు ఉన్నట్టే అనిపిస్తుంది. లోపలి సోల్ ఊడి వచ్చేదైతే తీసి, దాని మీద పాపను నిలబెట్టండి. పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే చాలు. తర్వాత షూ తొడిగి, పట్టీ బిగించి, నడిపించి వెనక నుంచి చూడండి. మడమ జారుతుంటే ఆ జత వద్దు. అక్క షూ చెల్లికి వేయడం కూడా నాకు ఇష్టం ఉండదు, అవి అప్పటికే వేరే పాదం తీరుకు వంగిపోయి ఉంటాయి.

కొత్త షూ మొదటి రోజే స్కూలుకు వేయకండి. వారం ముందు నుంచి ఇంట్లో రోజూ అరగంట వేసి తిప్పండి.

మన దగ్గర స్కూళ్లు తెరవడం, వానలు మొదలవడం ఇంచుమించు ఒకేసారి. తడి చర్మానికి రాపిడి ఎక్కువ, కాబట్టి బ్యాగులో ఒక జత పొడి సాక్సులు పెట్టండి. తడిసిన షూలో పాత పేపర్లు కుక్కి ఫ్యాన్ కింద ఆరబెట్టండి, ఆరకపోతే మర్నాడు వేయకండి. సాక్సులూ పాదానికి సరిపోవాలి, వదులైతే మడతలు పడతాయి. వేళ్ల దగ్గర కుట్టు గుచ్చుకుంటుంటే తిరగేసి తొడగండి.

అత్తమ్మగారు ప్రేమతోనే చేశారు, ఆవిడను ఏమీ అనకండి. కానీ ఇంకోసారి చిదపవద్దు. బొబ్బ మీది చర్మమే లోపలికి క్రిములు పోకుండా కాపాడుతుంది. వంటింటి పసుపు, టూత్‌పేస్ట్ లాంటివి పెట్టవద్దు. పగిలిన బొబ్బను సబ్బు, మంచినీళ్లతో మెల్లగా కడిగి, పలుచగా వాసెలిన్ రాసి, అంటుకోని గాజుగుడ్డతో కప్పండి. రోజూ మార్చండి. పగలని దానికి ఒత్తిడి పడకుండా మెత్తటి బ్యాండేజ్ చాలు. మామూలుగా వారంలో మానుతుంది. పుండు ద్వారా ధనుర్వాతం (టెటనస్) రాకుండా కాపాడేది టీకానే, కాబట్టి 5-6 ఏళ్ల మధ్య వేయించాల్సిన డీపీటీ బూస్టర్ అయిందో లేదో టీకాల కార్డులో చూసుకోండి.

చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. షూ తగలని చోట్ల, అరచేతుల్లో, నోట్లో కూడా పొక్కులు కనిపిస్తే అది షూ కరవడం కాదు. హ్యాండ్ ఫుట్ మౌత్ వ్యాధి కావచ్చు. ఇతర పిల్లలకు అంటుకునే వ్యాధి కాబట్టి, అప్పుడు స్కూలుకు పంపకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.