పది నిమిషాల ఆట గంటన్నర ఎందుకవుతోంది?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రాజాంలో ఒక జూట్ మిల్లు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. పోయినేడాది విశాఖలో సైకియాట్రిస్ట్ గారు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, తొందరపాటు ఉండే సమస్య) అని చెప్పారు, మందులు వాడుతున్నాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి బుర్రంతా హోరుగా ఉంటుంది. పిల్లల్ని చదివించే ముందు ఓ పది నిమిషాలని ఫోన్‌లో మిఠాయిలు జత చేసే ఆట మొదలుపెడితే, తలెత్తేసరికి గంటన్నర అవుతోంది. మొన్న స్టవ్ మీద పప్పు మాడిపోయింది. మా ఆయన "నీకు ఫోన్ పిచ్చి" అంటున్నారు. ఆటలు పూర్తిగా మానేయాలా? మనసు కుదుటపడేలా కాసేపు ఆడుకునేవి ఏమైనా ఉన్నాయా?
- ఓ పాఠకురాలు, రాజాం

జవాబు: మానెయ్యక్కర్లేదమ్మా, ఆట మార్చండి చాలు. ఈ జవాబు మీ ఆయనకీ చదివి వినిపించండి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో చాలామందికి టైమ్ ఎంత గడిచిందో లోపల అంచనా అందదు, పైగా నచ్చిన దాంట్లో పడ్డారంటే బయటికి రావడం మహా కష్టం. మీరు ఆడుతున్న రకం ఆటలు సరిగ్గా దాన్నే వాడుకుంటాయి. ఒక లెవెల్ అవగానే ఇంకోటి సిద్ధంగా ఉంటుంది, లైఫ్‌లు అయిపోతే కాసేపాగి రమ్మంటాయి, అవి నిండగానే నోటిఫికేషన్ పంపి మళ్లీ పిలుస్తాయి. ఎక్కడ ఆగుతారు మీరు?

అందుకే ఆట చూడ్డానికి ఎంత ప్రశాంతంగా ఉందని కాకుండా, ఎక్కడ అయిపోతుందో చూసి ఎంచుకోమంటాను. టౌన్‌స్కేపర్ అని ఉంది, నీళ్ల మీద రంగురంగుల ఇళ్లు కట్టుకుంటూ పోవడమే, గెలుపూ ఓటమీ ఏమీ లేవు, చాలామంది హాయిగా ఉందంటారు. కానీ దానికి ముగింపు లేదు కాబట్టి మీకు మాత్రం ఆదివారం మధ్యాహ్నానికే పనికొస్తుంది. వర్డిల్ అలా కాదు. రోజుకి ఒక్కటే ఇంగ్లీషు మాట, ఆరు ప్రయత్నాల్లో కనిపెట్టాలి, అయిపోయిందంటే మళ్లీ రేపే. 2014లో వచ్చిన మాన్యుమెంట్ వ్యాలీ కూడా బాగుంటుంది, మెత్తని రంగులు, చిన్న చిన్న అధ్యాయాలు, ఒకటి పూర్తిచేసి ఫోన్ పక్కన పెట్టేయొచ్చు. సుడోకు అయితే పేపర్లో వచ్చేది పెన్సిల్‌తో చెయ్యండి, అదీ తేలికది. కష్టమైంది పట్టుకుంటే పంతం పెరుగుతుంది తప్ప హోరు తగ్గదు.

అలాగని మరీ నిదానంగా సాగే ఆటలూ మీకు పడకపోవచ్చు. ఏమీ జరగకపోతే విసుగొచ్చి చేయి మళ్లీ పాత ఆట మీదికే పోతుంది. చేతికి కాస్త పని ఉండాలి. అందుకే నాకు ఫోన్ ఆటలన్నిటికంటే వామనగుంటలంటే ఇష్టం. పలక లేకపోతే నేల మీద సుద్దతో రెండు వరసల్లో ఏడేసి సున్నాలు గీసుకోండి, ఒక్కోదాంట్లో నాలుగో ఐదో చింతపిక్కలు పెట్టండి. ఒక గుంటలోవి గుప్పిట్లోకి తీసుకుని ఒక్కొక్కటీ వదులుతూ వెళ్లడం, చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచడం, ఆ పక్కది ఖాళీగా ఉంటే దాని అవతల గుంటలో పిక్కలన్నీ మీవి. నున్నటి పిక్క వేళ్ల మధ్య నుంచి జారుతుంటే చూపు దాని వెంటే పోతుంది, ఆఫీసు లెక్కలు కాసేపు వెనక్కి తగ్గుతాయి. ఎదురుగా పిల్లల్లో ఒకరు కూర్చుంటే ఇంకా మంచిది, వాళ్ల వంతు వచ్చినప్పుడు మీరు ఆగక తప్పదు, "అమ్మా, ఇంక హోమ్‌వర్క్" అని గుర్తుచేసేదీ వాళ్లే.

డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటి జోలికి మాత్రం వెళ్లొద్దు. తొందరపాటు ఎక్కువగా ఉండే మనిషికి అవి మరీ ప్రమాదం. 2025లో కేంద్రం చట్టం చేసి ఆన్‌లైన్ మనీ గేమ్‌లను నిషేధించింది కూడా.

స్టవ్ మీద ఏదైనా పెట్టి ఆటకి కూర్చోకండి, ఒక్కటి కూడా. అలారం పెట్టుకుంటే అది ఆడుతున్న ఫోన్‌లో వద్దు, ఒక్క వేలితో నొక్కేసి మళ్లీ ఆడతారు. పాత అలారం గడియారం వంటింట్లో పెడితే దాని నోరు మూయించడానికైనా లేవాలి, లేచాక సగం పని అయినట్టే.

ఆటలే వైద్యం అనుకోకండి. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఏడీహెచ్‌డీ కోసం ఎండీవర్‌ఆర్‌ఎక్స్ అనే వీడియో గేమ్‌కి అనుమతి ఇచ్చిన మాట నిజమే, కానీ ఆ అనుమతి అప్పట్లో 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకి, డాక్టరు రాసిస్తేనే, మిగతా చికిత్సతో పాటు వాడడానికి; 2023లో దాన్ని 17 ఏళ్ల వరకూ పెంచారు. మీ మందులు మానొద్దు. ఇంకో సంగతి, ఏడీహెచ్‌డీకి వాడే కొన్ని మందుల ప్రభావం సాయంత్రానికి తగ్గిపోతుంది, మీ హోరు సరిగ్గా ఆ వేళకే మొదలవుతోందేమో. ఓ వారం పాటు మందు వేసుకున్న టైమూ, హోరు మొదలైన టైమూ కాగితం మీద రాసుకుని ఈసారి వెళ్లినప్పుడు డాక్టరు గారికి చూపించండి.