గుల్లల మడిలో తెల్ల బూజు: మైలుతుత్తం చల్లవచ్చా?

ప్రశ్న: ఏటి మొగ దగ్గర బురదనేలలో గుల్లల విత్తనం వేశాను. మూడు వారాలుగా గుల్లలు బురదలోంచి పైకి వచ్చి, నోరు తెరుచుకుని చచ్చిపోతున్నాయి. బురద మీద తెల్లగా బూజు పట్టింది, తవ్వితే దారాల్లాంటి ఎర్ర పురుగులు కనిపిస్తున్నాయి. డీలర్ ఇది ఫంగస్ అని చెప్పి మైలుతుత్తం, తర్వాత ప్రోబయోటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా పొడి) వేయమన్నాడు. మోతాదు ఎంత? అర కిలోమీటరు దూరంలో మురుగు కాలువ కలుస్తుంది కానీ నీళ్లు తేటగానే ఉన్నాయి.

జవాబు: మైలుతుత్తం ఒక్క గ్రాము కూడా వేయవద్దు, అది రాగి ఉప్పు. గుల్లల పిల్లలకు లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాముల రాగి కూడా విషమే, మిగిలినవి కూడా పోతాయి. ప్రోబయోటిక్ డబ్బులు సముద్రంలో పోసినట్టే, ఒక్క ఆటుకు కొట్టుకుపోతుంది.

మీరు బూజు అనుకుంటున్నది ఫంగస్ కాకపోవచ్చు. మీరు చెప్పిన గుర్తులన్నీ కలిపి చూస్తే అది బెగ్గియటోవా అనే బ్యాక్టీరియా, బురదలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే కుళ్లిన గుడ్ల వాసన గ్యాస్ వచ్చే చోటే అలా తెల్లటి పొరలా అల్లుకుంటుంది. ఎర్ర పురుగులు కూడా గుల్లల్ని తినేవి కావు. మురుగు పేరుకున్న చోట మిగతా జీవులన్నీ పోయాక కాపిటెల్లా లాంటి ఓర్చుకునే పురుగులే వేలల్లో మిగులుతాయి. బురదలో ఉండాల్సిన గుల్ల పైకి వచ్చి పడుకుందంటే కింద ఊపిరాడటం లేదనే అర్థం.

ఇక నీళ్లు తేటగా ఉన్నాయన్న మాట. మురుగులోని మడ్డి కిందికి దిగి అడుగునే కుళ్లుతుంది కాబట్టి పైన చూసి ఏమీ చెప్పలేం. శుద్ధి చేయని మురుగునీరు లీటరు కుళ్లడానికి సుమారు 250 మి.గ్రా. ఆక్సిజన్ కావాలి, 30 డిగ్రీల వేడిలో లీటరు సముద్రపు నీటిలో ఉండేది 6 మి.గ్రా. పైచిలుకు, అంటే ఒక్క లీటరు మురుగు సుమారు 40 లీటర్ల సముద్రపు నీటిలోని ఆక్సిజన్‌ను మింగేస్తుంది. ఆక్సిజన్ అయిపోయాక బ్యాక్టీరియా నీటిలోని సల్ఫేట్ అనే గంధకపు ఉప్పు మీద పడి దాన్ని ఈ గ్యాస్‌గా మారుస్తుంది, సముద్రపు నీటిలో సల్ఫేట్ లీటరుకు 2.7 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి కుళ్లిన గుడ్ల వాసన గ్యాస్‌కు కొదవ ఉండదు. గుల్ల మూతి బిగించుకుని ఆక్సిజన్ లేకుండా కొన్నాళ్లు ఓర్చుకోగలదు, ఈ గ్యాస్ తోడైతే అంతకాలం నిలవదు.

మందు అడిగే ముందు బురద చూడాలని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినడం లేదు, నాకు బాధగా ఉంది. ఆ డీలర్ మడిలోకి దిగి పిడికెడు బురద తీసి వాసన చూశాడా? 5 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. పొడవున్న పారదర్శక ప్లాస్టిక్ పైపు తీసుకుని, నీళ్లు బాగా తీసిన వేళ కాలువ మూతి నుంచి 100, 250, 500, 1000 మీటర్ల దగ్గర, మీ మడి మధ్యలో బురదలోకి గుచ్చి, పైన అరచేత్తో మూసి లాగండి. పైన గోధుమరంగు పొర ఎంత మందం ఉంది, నలుపు ఎక్కడ మొదలైంది, స్కేలు పెట్టి రాసుకోండి, గోధుమరంగు ఆక్సిజన్ అందే బురద, నలుపు అందనిది. తర్వాత అర మి.మీ. జల్లెడలో కడిగి ఎన్ని రకాల జీవులున్నాయో లెక్కపెట్టండి. గోధుమరంగు పొర సెంటీమీటరు కూడా లేకుండా ఒకే రకం పురుగులు కుప్పలుగా ఉంటే అక్కడ విత్తనం వేయవద్దు. ఆక్సిజన్‌ను అష్టమి, నవమి రోజుల్లో తెల్లవారక ముందు, అడుగుకు 10–15 సెం.మీ. పైన కొలవండి, పోటు మందంగా ఉండే ఆ రోజుల్లోనే అసలు సంగతి బయటపడుతుంది. లీటరుకు 2 మి.గ్రా. కంటే తగ్గితే ఆ మడి పనికిరాదు.

ఇప్పుడు మాత్రం చచ్చినవి ఏరేయండి, కుళ్లితే ఇంకా ఆక్సిజన్ లాగేస్తాయి. బురద దున్నవద్దు, కలియబెట్టవద్దు, గ్యాస్ ఒక్కసారిగా లేస్తుంది. తట్టగానే మూతి మూసుకునే గుల్లల్ని చల్లటి పూట తడి గోనె కప్పి, గోధుమరంగు పొర కనీసం 3 సెం.మీ. ఉండి, ఆక్సిజన్ 5 మి.గ్రా. దాటే చోటికి, ఇప్పటికన్నా సగం పలచగా మార్చండి.

వీటిని అమ్మవద్దు, మీ ఇంట్లో వాళ్లూ తినవద్దు. గుల్ల మురుగులోని క్రిముల్ని వడగట్టి ఒంట్లో దాచుకుంటుంది. ఐరోపాలో నేరుగా తినే గుల్లలకు 100 గ్రాముల మాంసంలో ఇ.కోలై (మలంలో ఉండే బ్యాక్టీరియా) సాధారణంగా 230 మించకూడదు. రెండు రోజులు శుభ్రమైన నీటిలో ఉంచితే బ్యాక్టీరియా చాలావరకు పోతుందేమో గానీ వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివి అంత తేలిగ్గా పోవు.

అడుగు మళ్లీ బాగుపడదా అంటే, మురుగు ఆగితే పడుతుంది. అమెరికాలోని బోస్టన్ హార్బర్‌లో 1991లో మడ్డి వదలడం ఆపి, 2000లో శుద్ధి చేసిన నీటిని 15 కి.మీ. సొరంగంతో బయటికి మళ్లించాక అడుగు జీవులు తిరిగి వచ్చాయి, కానీ ఏళ్లు పట్టింది. అందుకే మీ పక్క రైతులతో కలిసి కాలువ నీరు శుద్ధి కాకుండా వదులుతున్నారని అర్జీ పెట్టండి, మీ కొలతలు జతచేయండి.

పది గుల్లల్ని ఐస్ ప్యాకుల మధ్య, గడ్డకట్టకుండా, 24 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి. ఐదు పైపుల ఫొటోలు స్కేలుతో సహా పంపండి, అవి చూశాకే కొత్త విత్తనం గురించి చెబుతాను.