స్టాక్ ఇంజన్‌కి నైట్రస్ బిగించే ముందు పెట్రోలు సంగతి చూడండి

నాలుగు సిలిండర్ల స్టాక్ ఇంజన్‌కి (కంపెనీ ఇచ్చినట్టే ఉన్నదానికి) సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన 75 హార్స్‌పవర్ నైట్రస్ వెట్ కిట్ (నైట్రస్‌తో పాటు పెట్రోలు కూడా చల్లే రకం) బిగించి, స్టీరింగ్ మీద ఒక బటన్ పెడితే సరిపోతుందా అని అడిగారు. బటన్ ఒక్కటే అయితే వద్దు. నా ట్రాక్ కారులో ఇలాంటి కిట్టే వాడుతున్నాను కాబట్టి చెబుతున్నాను.

నైట్రస్, అంటే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్, తనంతట తాను మండదు. సిలిండర్ లోపలి వేడికి, సుమారు 300 డిగ్రీల దగ్గర, విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. బరువు లెక్కన గాలిలో ఆక్సిజన్ 23 శాతమైతే ఇందులో 36 శాతం. ఆ అదనపు ఆక్సిజన్‌కి తగ్గ పెట్రోలు అదే క్షణంలో అందాలి. అందకపోతే మిశ్రమం లీన్ అయి (పెట్రోలు తక్కువై) నాకింగ్, అంటే సిలిండర్‌లో అదుపు లేకుండా మండడం, మొదలవుతుంది, పిస్టన్ కరుగుతుంది. నాతో ట్రాక్‌కి వచ్చే ఒకతనికి ఇదే జరిగింది. కిట్ బాగానే ఉంది, పాత ఫ్యూయల్ పంపు మాత్రం ఎక్కువ ఆర్‌పీఎంలో చేతులెత్తేసింది. విప్పి చూస్తే పిస్టన్ అంచు రింగుల దాకా తినేసి ఉంది.

అందుకే ముందు ఫ్యూయల్ ప్రెషర్ సేఫ్టీ స్విచ్ పెట్టించండి. ప్రెషర్ పడిపోగానే అది నైట్రస్‌ని ఆపేస్తుంది. తర్వాత థ్రాటిల్ పూర్తిగా తెరిస్తేనే పనిచేసే స్విచ్, దాంతోపాటు ఆర్‌పీఎం విండో స్విచ్. నేను 3000 దాటాకే మొదలయ్యేలా, రెవ్ లిమిటర్‌కి (ఇంజన్ వేగం హద్దు దాటకుండా ఆపేదానికి) కొన్ని వందలు ముందే ఆగేలా పెట్టుకున్నాను. తక్కువ ఆర్‌పీఎంలో కొడితే పెట్రోలు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి తీసుకెళ్లే గొట్టాల్లో) నిలిచి బ్యాక్‌ఫైర్ అవుతుంది. లిమిటర్ పెట్రోలు కట్ చేసే రకమైతే, నైట్రస్ పారుతుండగా దాన్ని తాకడమంత చెడ్డ పని ఇంకోటి లేదు. ఇవన్నీ ఉన్నాక మీ బటన్ ఎక్కడైనా పెట్టుకోండి.

స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు కోల్డ్ రకం (వేడిని త్వరగా వదిలేవి) వేసి, గ్యాప్ కాస్త తగ్గించండి. టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ప్రతి 50 హార్స్‌పవర్‌కి సుమారు 2 డిగ్రీలు వెనక్కి తీయడం వాడుకలో ఉన్న లెక్క. అసలు 75తో మొదలుపెట్టకండి. చిన్న జెట్లు (ఎంత పారాలో నిర్ణయించే సన్న రంధ్రాల ముక్కలు) వేసి, వైడ్‌బ్యాండ్ (మిశ్రమం లీనా రిచ్చా చూపే సెన్సర్) రీడింగ్, ప్లగ్గుల రంగు చూసుకుంటూ పెంచండి. నైట్రస్ జెట్ మారిస్తే పెట్రోలు జెట్ కూడా మార్చాలి, కిట్ చార్ట్ ప్రకారమే.

బాటిల్ ప్రెషర్ 900 నుంచి 1000 పీఎస్‌ఐ మధ్య ఉండాలి. ఇంకా వేడెక్కితే నైట్రస్ ఎక్కువ పారి లీన్, చల్లబడితే రిచ్ (పెట్రోలు ఎక్కువ). వేడి చేయడానికి ప్రెషర్ స్విచ్ ఉన్న హీటరే వాడాలి. మంటతో వేడి చేసేవాళ్లని చూశాను, వాళ్ల దరిదాపుల్లో కూడా నిలబడను. బాటిల్ ప్రెషర్ మితిమీరి సేఫ్టీ డిస్క్ పగిలితే గ్యాస్ క్యాబిన్‌లోకి రాకుండా బయటికి పైపు వేయించండి.

సెకండ్‌హ్యాండ్ అన్నారు కాబట్టి బాటిల్ మీద టెస్ట్ తేదీ చూడండి. గడువు దాటితే మళ్లీ టెస్ట్ చేయించకుండా నింపించకండి. ఫిట్టింగుల మీద ఆయిల్, గ్రీజు ఉండకూడదు. సోలినాయిడ్లు (కరెంటుతో తెరుచుకునే వాల్వులు) విప్పించి సీల్స్ మార్పించండి. లీకయ్యే సోలినాయిడ్ బండి ఆగి ఉన్నప్పుడు మానిఫోల్డ్‌ని నైట్రస్‌తో నింపుతుంది, తర్వాత స్టార్ట్ చేయగానే పేలొచ్చు. రన్ అయిపోగానే బాటిల్ వాల్వ్ మూసి, లైన్‌లో మిగిలింది పర్జ్ చేసేయండి, అంటే బయటికి వదిలేయండి.