ఫ్యాన్ బొమ్మలు మాన్పించొద్దమ్మా

అమ్మా, మీ ఉత్తరం చదివాను. బాబుకి ఎనిమిదేళ్లు, ఆటిజం ఉంది, మాటలు ఇంకా రెండు మూడు ముక్కలే, కానీ పెన్సిల్ దొరికితే చాలు సీలింగ్ ఫ్యాన్లు గీస్తూ కూర్చుంటాడు, డ్రాయింగ్ క్లాస్‌కి పంపితే సార్ మామిడిపండుకి రంగు వెయ్యమన్నారని పేపర్ చింపేసి ఒకటే ఏడుపు, మీ అత్తగారేమో ఆ ఫ్యాన్ల పిచ్చి ముందు మాన్పించు అంటున్నారు, ఏం చెయ్యాలి అని అడిగారు.

మాన్పించకండి. వాడికి ఇష్టమైంది మనకి చూపించడానికి ప్రస్తుతం వాడికున్న దారి అదే. ఫ్యాన్లు ఆపేస్తే మామిడిపండు గీస్తాడని ఏం లేదు, అసలు గీయడమే మానేయొచ్చు.

వాడి పక్కన ఇంకో పేపర్ వేసుకుని మీరూ ఓ ఫ్యాన్ గీయండి, బాగా రాకపోయినా పర్లేదు. వాడు మీ పేపర్ వైపు చూడ్డం మొదలెట్టాక దానికి ఓ స్విచ్‌బోర్డు కలపండి, రెగ్యులేటర్ కలపండి, ఇంకొన్నాళ్లకి ఫ్యాన్ కింద మంచం, మంచం మీద నానమ్మ. వాడి పేపర్ మీద మాత్రం చెయ్యి పెట్టొద్దు, ఇలా కాదు నాన్నా అని దిద్దొద్దు. ఇదేంటి అదేంటి అని అడిగే బదులు 'మూడు రెక్కలు, గిర్రున తిరుగుతోంది' అని మీకు కనిపించింది చెప్పండి చాలు.

లండన్‌లో స్టీఫెన్ విల్ట్‌షైర్ అనే చిత్రకారుడు ఉన్నారు, 1974లో పుట్టారు, ఆటిజమే, చిన్నప్పుడు మాటల్లేవు, బొమ్మలే. స్కూల్లో టీచర్లు గీసుకునే సామాను కాసేపు తీసి పెడితే, అది అడగడానికి ఆయన పలికిన మొదటి మాట 'పేపర్' అని చెప్తారు. 2005లో టోక్యోని హెలికాప్టర్‌లోంచి చూసొచ్చి 10 మీటర్ల కాన్వాస్ మీద గుర్తుతోనే గీశారు. మీవాడూ అంతవాడవుతాడని కాదు, ఆ ఆశ పిల్లాడి నెత్తిన పెట్టకండి, అంత జ్ఞాపకశక్తి ఉండేది ఎక్కడో కొందరికే. ఆ పేపర్ సంగతి కోసం చెప్పా. మీరు పేపర్ లాక్కోకండి, కనపడేలా కాస్త ఎత్తులో పెట్టి, వేలు చూపించినా, 'పే' అన్నా వెంటనే ఇచ్చెయ్యండి. అల్లరి చేశాడని శిక్షగా మాత్రం ఎప్పుడూ దాచొద్దు.

మామిడిపండు దగ్గర ఏడ్చింది మొండితనం కాకపోవచ్చు. కొందరు పిల్లలకి క్రేయాన్ వాసన, చేతికి అంటుకునే తడి రంగు, స్కెచ్ పెన్ కీచుమనడం, పక్కన పదిమంది గోల అస్సలు పడవు. ఇంట్లో ఒక్కోటి ఇచ్చి చూడండి, దేన్ని తోసేస్తున్నాడో మీకే తెలుస్తుంది. ఆపాల్సినప్పుడు కూడా 'ఇంకో ఫ్యాన్, తర్వాత అన్నం' అని ముందే చెప్పి ఆ రెండిటి బొమ్మలు చూపించండి.

అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. బొమ్మల వెనక తారీఖు వేసి ఫైల్లో పెడుతూ ఉండండి, ఆర్నెల్లయ్యాక తీసి ఆవిడకే చూపించండి.

క్లాస్ సార్‌ని వాడికొక్కడికే విడిగా, ఫ్యాన్‌తోనే మొదలెట్టమని అడగండి, కుదరదంటే ఇప్పటికి ఆపెయ్యండి. పోటీలకి అసలొద్దు. స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే థెరపీ) మాత్రం ఆపకండి, బొమ్మలు వాటికి బదులు కాదు. హైదరాబాద్‌కి దగ్గర్లో ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. ఎక్కడికెళ్లినా ఆ ఫైలు వెంట తీసుకెళ్లి థెరపిస్టుకి చూపించండి, ఫ్యాన్లతోనే మాటలు ఎలా నేర్పొచ్చో వాళ్లనే అడగండి.