కింది సెట్టుకు మెత్తని పొర వేసేముందు

చిరంజీవి సునందకు ఆశీస్సులు.

కింది దవడ ఎముక కత్తి అంచులా అరిగిపోయి, సెట్టు (కట్టుడు పళ్లు) పెట్టుకోగానే చిగురు నలిగిపోతోందని వచ్చే పెద్దవాళ్లకి సాఫ్ట్ లైనర్, అంటే సెట్టు లోపలివైపు వేసే మెత్తని సిలికాన్ పొర, బాగా పనికొస్తుంది. కానీ ముందు ఆర్టిక్యులేటింగ్ పేపరు (పళ్లు తగిలినచోట రంగు అంటించే కాగితం) పెట్టి బైట్, అంటే పై కింది పళ్లు కలిసే తీరు, చూడు. ఒకవైపు పళ్లు ముందే తగులుతుంటే ఆ పుండు బైట్ తెచ్చిపెట్టిందే. దానికి పరుపు పరిచినా తగ్గదు.

పుండ్లు పచ్చిగా ఉన్నప్పుడు సిలికాన్ జోలికి పోవద్దు. టిష్యూ కండిషనర్ (చిగురు మానేదాకా సెట్టులో వేసే తాత్కాలిక మెత్తని పొర) వేసి మూడు నాలుగు రోజులకోసారి మార్చు. అందులోని ఆల్కహాలూ ప్లాస్టిసైజరూ ఉమ్ములోకి దిగిపోతాయి. ఆలస్యమైతే అదే గట్టిపడి, గరుకుతేలి చిగురును గీరుతుంది. రాత్రిళ్లు సెట్టు తీసి పడుకోమను.

చిగురు మానాక, సెట్టు నోట్లో ఉండగానే ముక్కు కొన మీద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెట్టి మధ్య దూరం రాసుకో. పొర వేశాక అదే దూరం రావాలి. పెరిగిందంటే పొరకు చోటు కోసం సెట్టు లోపలివైపు నువ్వు కోసింది చాలలేదన్నమాట.

ఎంత కొయ్యాలో కంటి అంచనాకు వదలకు. 2 మి.మీ. గుండ్రటి బర్ (కోసే మొన) తీసుకుని, దాని తల మునిగేంత గాట్లు లోపలివైపు అక్కడక్కడా పెట్టు. ఆ గాట్లు మాయమయ్యేదాకా మిగతాది కొయ్యి. అంచు దగ్గర పల్చగా జారనివ్వకుండా మెట్టులా నిటారుగా దింపు. సిలికాన్ అంచు పల్చనైతే మొదట లేచేది అక్కడే. మిగిలిన అక్రిలిక్ (సెట్టు గట్టి ప్లాస్టిక్) కూడా 2 మి.మీ. ఉందేమో మందం కొలిచే కాలిపర్‌తో చూసుకో. కొన్ని సెట్లు నడిమధ్య విరిగేది ఇక్కడ పల్చబడే.

సిలికాన్ అక్రిలిక్‌కు తనంతట తాను అంటదు, అంటించేది ముందుగా పూసే ప్రైమర్ ద్రవమే. కోసిన ముఖాన్ని కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పల్చగా ఒక్క పూత వెయ్యి. డబ్బా మీద రాసినంతసేపూ ఆరనివ్వు. ఆ తర్వాత వేలు తగిలినా, ఉమ్ము చుక్క పడినా మళ్లీ మొదటికి రావాల్సిందే. లేటెక్స్ గ్లవ్స్ మాత్రం వద్దు. వాటిలోని గంధకం సిలికాన్‌ను గట్టిపడనివ్వదు, పైపొర జిగటగానే ఉండిపోతుంది. నైట్రైల్ వేసుకో. బయటి ముఖానికీ పళ్లకూ వాజలీన్ రాయడం మరిచిపోకు.

సిలికాన్ కార్ట్రిడ్జ్ (జంట గొట్టం) నుంచి రెండు పేస్టులూ సమంగా వచ్చేదాకా కాస్త బయటికి పిండేసి, అప్పుడు వాటిని కలిపే మిక్సింగ్ టిప్ తొడిగి, కోసిన ముఖం మీద నింపు. నోట్లో పెట్టాక మెల్లగా మూయమను, గట్టిగా కొరకొద్దని చెప్పు. పెదవి లాగు, నాలుకను రెండు బుగ్గలకూ తాకించమను. గట్టిపడ్డాక మిగులును కత్తెరతోనో బ్లేడుతోనో తియ్యి. మామూలు అక్రిలిక్ బర్ పెడితే సిలికాన్ చిరుగుతుంది. నునుపుకి కిట్‌లో ఇచ్చిన చక్రాలు, ఆపైన అంచును మూసే సీలర్ పూత.

ఇంటికి పంపేముందు మెత్తని బ్రష్షూ సబ్బూ చాలని గట్టిగా చెప్పు. పళ్లపొడి, మరిగే నీళ్లు, బ్లీచ్ వద్దు. పసుపు రంగు పడుతుందని ముందే అనేస్తే తర్వాత గొడవుండదు. ఆరు నెలలకోసారి రమ్మను. లైనర్ మీద తెల్లటి మచ్చలుంటే క్యాండిడా (నోట్లో పెరిగే ఫంగస్) అని అనుమానించు. అంచు లేచిందని ఫెవిక్విక్ అంటించుకుని వచ్చేవాళ్లూ ఉంటారు. అలాంటి సెట్టుకు అతుకు వెయ్యకు, పొరంతా ఒలిచేసి మళ్లీ గాట్ల దగ్గర్నుంచి మొదలెట్టు.